చందమామ, చూపుడువేలు

"మా బాబుకి రెండున్నరేళ్ళండీ, ఇంకా మాటలు రాలేదు. వస పోయలేదని అత్తగారు, ఫోన్ ఇచ్చినందుకేనని ఆడపడుచు. ఆటిజమేమో చూపించమన్నారు డాక్టరుగారు. నా వల్లేనా?" అని ఒక తల్లి అడిగారు.

మీ వల్ల కాదమ్మా. ఆటిజమంటే, మనుషులతో కలవడం, మాట్లాడడం కష్టమయ్యే ఎదుగుదల తేడా. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లల్ని చూసి దాని గురించి రాశాక, తల్లికి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని పెద్ద పెద్ద వైద్యులే చాలాకాలం నమ్మారు. పెదవి చీలితే గ్రహణం మొర్రి అని మనవాళ్ళు తల్లినే అన్నారు కదా, అదే వరస. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే మానసిక వైద్యులు, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటల్ని పరిశీలిస్తే, అచ్చంగా ఒకే జన్యువులున్న 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. మిగతా 10 జంటల్లో ఒక్కచోట కూడా ఇద్దరికీ లేదు. అందరూ తమ జంటతో కలిసి ఒకే అమ్మ కడుపున పుట్టినవాళ్ళే మరి! తేడా అమ్మ ప్రేమలో కాదు, జన్యువుల్లో.

నన్ను కట్టిపడేసేది మాటలకంటే ముందొచ్చే చూపుడువేలు. గోరుముద్దలు తినిపిస్తూ చందమామను చూపిస్తాం. బిడ్డ ఆ వేలిని చూడాలి, వేలిని వదిలి కనపడని గీత వెంట ఆకాశంలోకి వెళ్ళాలి, చందమామను పట్టుకోవాలి, మళ్ళీ అమ్మ ముఖంలోకి రావాలి, "నువ్వూ చూశావా?" అన్నట్టు. బిడ్డ, అమ్మ, చందమామ, ఒక త్రిభుజం. దీన్ని ఉమ్మడి ధ్యాస అనుకుందాం. బిస్కెట్టు కావాలని వేలు చూపిస్తే వాడికి కావాల్సింది బిస్కెట్టు, అదిగో కాకి అని చూపిస్తే కావాల్సింది మీరు. ఈ రెండోది మామూలుగా ఏడాదిన్నర లోపే వస్తుంది. ఫలానా శబ్దం ఫలానా వస్తువుదని తెలియాలంటే, అన్న మనిషి ఎటు చూస్తున్నారో తెలియాలి కదా, మాటలు ఎక్కేది అందులోనే. ఆటిజం ఉన్న చాలామందికి ఈ త్రిభుజం తేలిగ్గా కుదరదు. దాహమేస్తే అమ్మ ముఖం చూడకుండా మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళతారు.

మా అక్క కొడుకు అంతే. "ఇటు చూడు నాన్నా" అని గడ్డం పట్టుకుని తిప్పేది అక్క, వాడి కళ్ళు ఫ్యాను మీదే. ఏడాది పోయింది అలా. ఆ ఏడాదంతా ఆమె ఎవరింటి పెళ్ళికీ వెళ్ళలేదు.

1986లో టొమసెల్లో, ఫరార్ అనే పరిశోధకులు మామూలు పిల్లల్లో ఒకటి గమనించారు: బిడ్డ అప్పటికే చూస్తున్నదాని పేరు చెబితే బాగా పట్టుబడుతుంది, ధ్యాస మళ్ళించి చెబితే అంతగా పట్టుబడదు. స్పీచ్ థెరపిస్టులు ఇదే దారిలో నేర్పిస్తారు, మీరు వాడు చూస్తున్నచోటికి వెళ్ళండి అని. ముందు మాత్రం చెవుల పరీక్ష, బెరా, చేయించండి. వినికిడి లోపమున్నా మాటలు రావు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల్ని చూసే కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది, జిల్లాల్లో ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. నాలుగేళ్ళకి అవే వస్తాయిలే అనేవాళ్ళ మాట విని ఆగిపోకండి.

ఒక మధ్యాహ్నం అక్క వాడి పక్కన గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. ఫ్యాను చూస్తూ "తిరుగుతోంది" అంది. లేచి స్విచ్ ఆపి "ఆగింది" అంది. రోజూ అంతే, తిరుగుతోంది, ఆగింది. నెల దాటాక ఒకరోజు కరెంటు పోయింది. రెక్కలు నెమ్మదించి ఆగాయి. వాడు తల తిప్పి అక్క ముఖంలోకి చూశాడు.