గుర్రాలను ఎందుకు వదిలేశారు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధం పాఠం చదువుతూ మీరు వేసిన ప్రశ్నను అమ్మ నాకు ఫోనులో చెప్పింది: "గెలిచినవాళ్ళు తుపాకులు తీసుకుని గుర్రాలను ఎందుకు వదిలేశారు? వాటినెక్కి మళ్ళీ యుద్ధానికి రావచ్చు కదా?" దీనికి పరీక్షలో మార్కులుంటాయో లేదో నాకు తెలియదు కాని, రెండు రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను.

నా చిన్నతనంలో మా బావి చేంతాడుకు ఒకసారి ముడి పడింది. తడిసిన ముడి బిగుసుకుంటే ఎంత మొండికేస్తుందో మీకు తెలియదు. నేను ఓపిక పట్టలేక కత్తితో కోసేసి, రెండు కొసలనూ కలిపి కట్టాను. ఆ తరువాత ఆ కట్టు గిలకలో ఇరుక్కునేది, తాడు కురచైపోయి చేద నీళ్ళను అందుకునేది కాదు. నాయనమ్మ ఒక్క మాటా అనలేదు, ఆ వేసవంతా నీళ్ళు మాత్రం నాచేతనే తోడించింది. పరాయి దేశంతో యుద్ధమైతే గెలిచినవాడు తన దారిన తాను వెళ్ళిపోవచ్చు. ఒకే దేశంలోని మనుషులు తమలో తాము యుద్ధం చేసుకున్నప్పుడు, మర్నాటి నుంచి ఇద్దరూ ఆ తాడుతోనే నీళ్ళు తోడుకోవాలి, అందుచేత ముడిని కోయకుండా విప్పవలసి ఉంటుంది.

బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పదకొండు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో మొదలైన ఆ యుద్ధం నాలుగేళ్ళలో ఆరు లక్షల మందికి పైగా సైనికులను పొట్టనపెట్టుకుంది. 1865 ఏప్రిల్ మొదట్లో దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ తమ రాజధాని రిచ్‌మండ్‌ను విడిచి, ఆకలితో సగమైన సైన్యంతో పడమటికి బయలుదేరగా, ఉత్తరాది సేనాపతి యులిసిస్ గ్రాంట్ వారం తిరిగేసరికి అతని దారులన్నీ మూసేశాడు. ఏప్రిల్ 9, ఆదివారం నాడు వర్జీనియాలోని అపొమాటాక్స్ కోర్ట్ హౌస్ అనే చిన్న ఊరిలో, విల్మర్ మెక్లీన్ అనే ఆయన ఇంటి ముందుగదిలో ఇద్దరూ కలుసుకున్నారు. ఈ మెక్లీన్ సంగతి విచిత్రమైనది. 1861లో మొదటి పెద్ద యుద్ధం మనాసస్ దగ్గర ఆయన పొలం చుట్టూనే జరిగింది. ఆ తరువాత ఆయన అక్కడి నుంచి ఇంత దూరం వచ్చి కాపురం పెడితే, యుద్ధం ముగియడానికి కూడా ఆయన ఇల్లే దొరికింది.

లీ కొత్త దుస్తులు ధరించి, నడుముకు కత్తి కట్టుకుని వచ్చాడు. గ్రాంట్ బురద కొట్టుకున్న బూట్లతో, మామూలు సైనికుడు తొడిగే చొక్కాతో వచ్చాడు. కాసేపు, ఒకప్పుడు ఇద్దరూ ఒకే సైన్యంలో పోరాడిన మెక్సికో యుద్ధం నాటి కబుర్లు చెప్పుకున్నాక, అసలు విషయం లీయే గుర్తుచేశాడు. అప్పుడు గ్రాంట్ పెన్సిలుతో షరతులు రాశాడు. సైనికుల పేర్ల జాబితా రెండు ప్రతులుగా తయారు చేయాలి. మళ్ళీ ఆయుధం పట్టబోమని అధికారులు ఎవరికివారు మాట రాసివ్వాలి, సైనికుల తరఫున వారి దళపతులు సంతకం చేయాలి. తుపాకులు, ఫిరంగులు అప్పగించాలి, కాని అధికారుల సొంత కత్తులు, పిస్తోళ్ళు, గుర్రాలు, సామాను వారివే. ఆ పైన అందరూ ఇళ్ళకు వెళ్ళవచ్చు, ఇచ్చిన మాటనూ తామున్న చోటి చట్టాలనూ పాటించినంత కాలం ప్రభుత్వం వారి జోలికి రాదు. ఇంతే! దీనికి సిరాతో శుద్ధప్రతి రాసింది ఈలీ పార్కర్, గ్రాంట్ దగ్గర పనిచేసే సెనెకా తెగ అధికారి.

మీ గుర్రాలు వచ్చేది ఇక్కడే. మా ఆశ్వికదళంలో మామూలు సైనికులవి కూడా సొంత గుర్రాలేనని లీ చెప్పాడు. గ్రాంట్ కాగితం మార్చలేదు కాని, ఇది నాదని చెప్పినవాడిని తన గుర్రాన్నో కంచరగాడిదనో ఇంటికి తోలుకుపోనివ్వమని అధికారులకు ఆదేశమిస్తానన్నాడు. అది ఏప్రిల్ నెల, విత్తనాలు వేసే కాలం. వాళ్ళలో ఎక్కువమంది చిన్న రైతులని, దున్నడానికి జంతువు లేకపోతే వచ్చే చలికాలానికి ఇంటిల్లిపాదికీ తిండి ఉండదని అతనికి తోచింది. మీరు యుద్ధానికి వెళ్ళే గుర్రాన్ని చూశారు, గ్రాంట్ నాగలి లాగే గుర్రాన్ని చూశాడు. ఆకలితో ఉన్న ఆ సైన్యానికి ఇరవై ఐదు వేల మందికి సరిపడే ఆహారం కూడా పంపించాడు.

మాట రాసివ్వడాన్ని పెరోల్ అంటారు, ఫ్రెంచి భాషలో ఆ పదానికి అర్థమే మాట. ఆ ఊరి సత్రంలో అచ్చుయంత్రాలు పెట్టి సుమారు ఇరవై ఎనిమిది వేల మందికి ఆ చీటీలు పంచారు. ఐదు రోజులకే లింకన్‌ను కాల్చి చంపారు, ఉత్తరాది కోపంతో ఊగిపోయింది, లీ మీద దేశద్రోహం కేసు కూడా పెట్టారు. ఇచ్చిన మాట ఇచ్చిందేనని గ్రాంట్ పట్టుబట్టాడు, ఆ విచారణ జరగనే లేదు. గ్రాంట్ సహచరుడు షెర్మన్ మాత్రం మరో దక్షిణాది సేనతో ఒప్పందం రాస్తూ రాష్ట్ర ప్రభుత్వాల విషయం కూడా తేల్చబోయాడు. ముడి విప్పమంటే బావి పంపకానికి దిగడమన్నమాట. వాషింగ్టన్‌లోని ప్రభుత్వం దానిని తిప్పికొట్టాక, ఏప్రిల్ 26న గ్రాంట్ షరతుల వంటివే రాసుకోవలసి వచ్చింది.

నా చేంతాడు ఇంతకు మించి అందదు. ఆ యుద్ధానికి మూలం దాదాపు నలభై లక్షల మంది బానిసలు, ఆ కాగితంలో వారి గురించి ఒక్క మాటా లేదు. దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ ఆ డిసెంబరులో అమలులోకి వచ్చింది, కాని దున్నుకోవడానికి వారిలో ఎక్కువమందికి గుర్రమూ రాలేదు, నేలా రాలేదు. తాడుతో కట్టిపడేసిన మనుషుల ముందు కూర్చుని తాడు కురచైపోతుందని నేనెలా బాధపడగలను?

చివరగా ఒక పని చెబుతాను. సేనాపతులు వెళ్ళిపోగానే అధికారులు ఆ గదిలోని బల్లలనూ కుర్చీలనూ జ్ఞాపకానికని పట్టుకుపోయారు. మెక్లీన్ కూతురు లూలా ఆడుకునే గుడ్డబొమ్మ ఒకటి అక్కడే ఉండగా, సైనికులు దానిని ఒకరి మీదికొకరు విసురుకుని ఆడారు, ఒకాయన దానిని తన ఇంటికి తీసుకుపోయాడు. నూరేళ్ళు దాటాక అది మళ్ళీ ఆ ఊరు చేరింది. అమ్మనడిగి దాని ఫోటో వెతికి చూడండి. ఓడినవాళ్ళ గుర్రాలు వాళ్ళకు మిగిలాయి, లూలాకు తన బొమ్మ మిగలలేదు.

మీ
తాతయ్య