అంబాసిడర్‌కి ఇంట్లోనే రంగు: గాలిలో నీటితో పేచీ

జనవరి తెల్లవారుజామున విజయవాడలో, రేకుల షెడ్డు కింద నిలబెట్టిన అంబాసిడర్ బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తే తడి తగులుతుంది. రాత్రంతా చల్లబడ్డ ఇనుప రేకును తాకి గాలిలోని ఆవిరి నీరైంది. చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు చెమర్చేదీ ఇలాగే. ఇంట్లో కారుకు రంగు కొట్టుకునేవాళ్ల పని చెడేది చాలావరకు ఈ నీటివల్లే. రంగు చిమ్మే గన్ను తిప్పడం రెండు పాత డోర్ల మీద సాధన చేస్తే చేతికొస్తుంది. నీరు ఎక్కడెక్కడ దూరుతుందో తెలియకపోతే మాత్రం ఎంత మంచి చెయ్యైనా ఓడిపోతుంది.

ఇంటిపనికి అంబాసిడర్ అనువైన బండి. బానెట్, డోర్లు, ముందు మడ్‌గార్డులు, డిక్కీ మూత బోల్టులు విప్పి విడివిడిగా కొట్టుకోవచ్చు. పాత బళ్లకు వేసినవి ఎక్కువగా సాదా రంగులు కాబట్టి, మెటాలిక్‌లో అల్యూమినియం రేణువులు చోటుకోరకంగా పడి మచ్చలు కట్టే బెడద లేదు. వేరే రంగు వేయాలనుకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఆర్‌సీలో రంగు కూడా నమోదై ఉంటుంది.

మొదటి పని తుప్పు వెతకడం. డోర్ల అడుగు అంచు, డిక్కీ నేల, చక్రాల పై వంపుల లోపలివైపు, డోర్ల కింది సిల్ పెట్టెలు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. దిగబడితే ఆ ముక్క కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. పుట్టీతో పూడిస్తే వెనకవైపు నుంచి తేమ ఎక్కి, ఒకటి రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. పైపై తుప్పుకు తీగ బ్రష్షు, 80 నంబరు గరుకు పేపరు, ఆపైన ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం చాలు. ఆమ్లాన్ని నీళ్లతో పూర్తిగా కడిగి వెంటనే ఆరబెట్టాలి, మిగిలిపోతే దానిమీద ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, సరిగా గట్టిపడదు. మెరిసే ఇనుమును మర్నాటికి వదలొద్దు. కోస్తా గాలిలో ఒక్క రాత్రి చాలు, పసుపు మరకలు వచ్చేస్తాయి. ఇనుము బయటపడ్డ రోజే ప్రైమర్ పడాలి.

పాత రంగును మొత్తం గీకెయ్యక్కర్లేదు, కానీ అదేమిటో తెలియాలి. దూదిని ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచి ఓ మూల రుద్దండి. రంగు కరిగి దూదికి అంటితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్ రంగు, మన పెయింటర్లు ఇప్పటికీ డ్యూకో అనే రకం. ఆ పేరు 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెట్టుకున్న వ్యాపారనామం. కరగకుండా ముడతలు పడితే సింథటిక్ ఎనామెల్. దానిమీద నేరుగా ఎన్‌సి కొడితే, థిన్నర్ లోపలికి దిగి పాత పొర పాల మీగడలా ముడుచుకుంటుంది. అక్కడ గీకడమే మంచిది. పాతకాలపు పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్ది దుమ్ము లేపకండి.

పుట్టీ దగ్గర మన షెడ్లలో ఒక పాత అలవాటు ఉంది, అది మానాలి: పాలిస్టర్ పుట్టీని నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దడం. పుట్టీలో ఎక్కువ భాగం టాల్కు పొడే. రుద్దినప్పుడు తెరుచుకున్న సన్నటి రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి, పైన ప్రైమర్ పడగానే ఆ నీరు లోపల బందీ అవుతుంది. ఎండకు వేడెక్కినప్పుడల్లా ఆవిరై రంగును పైకి తోస్తుంది. కొన్ని నెలల తర్వాత ఆవగింజలంత బొబ్బలు కనిపిస్తే కారణం తరచూ ఇదే. పుట్టీని 80, 150, 240 నంబర్లతో పొడిగానే రుద్దండి, దుమ్ముకు మాస్కు పెట్టుకోండి. మందం 2 మిల్లీమీటర్లు దాటకూడదు. దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములే. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే అందులోని పెరాక్సైడ్ పైరంగులోకి ఊరి మరక తేలుతుంది.

నీళ్లతో రుద్దడం సర్ఫేసర్, అంటే పుట్టీపైన నునుపు కోసం కొట్టే ప్రైమర్, గట్టిపడ్డాక. ముందు దానిమీద నల్లరంగు పలచగా చిలకరించి 400, తర్వాత 600 పేపరు చెక్కకు చుట్టి రుద్దండి. గుంట ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది. కంటికి దొరకని వంకర ఇలా బయటపడుతుంది.

ఇక కంప్రెసర్. ఇది గాలితోపాటు నీటినీ పిండుతుందని చాలామంది గుర్తించరు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరుంటుంది. ట్యాంకులో 7 బార్ల పీడనం అంటే, బయటి గాలి పీడనం ఒకటి కలుపుకుని, ఎనిమిది ఘనమీటర్ల గాలిని ఒక్క ఘనమీటరులో కుక్కడం. అందులో చేరిన నీరు 190 గ్రాముల పైమాట. పిండినప్పుడు వేడెక్కిన గాలి 35 డిగ్రీలకు చల్లారాక ఆ చోటు 40 గ్రాములే పట్టుకోగలదు, మిగతా 150 గ్రాములు నీరై కారాలి. గన్ను నిమిషానికి 10 ఘనపుటడుగులు తాగితే గంటకు సుమారు 17 ఘనమీటర్లు, అంటే 300 గ్రాములకు పైగా నీరు. పెద్ద గ్లాసెడు! గొట్టం పొట్టిగా ఉంటే గాలి వేడిగానే తేమ ఫిల్టరు దాటిపోయి, గన్ను దగ్గర చల్లబడి చుక్కలుగా రంగులో పడుతుంది. అందుకే ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్య కనీసం 8, 10 మీటర్ల గొట్టం ఉండాలి. ట్యాంకు అడుగు కాక్ గంటకోసారి విప్పాలి. పైగా ఒక హెచ్‌పి కంప్రెసర్ అంత గాలి ఇవ్వలేదు. దానితో ఒక్కో డోరు చొప్పున, ట్యాంకు నిండేదాకా ఆగుతూ కొట్టాలి.

రేకు చెమర్చడం గురించి మొదట చెప్పుకున్నాం. 30 డిగ్రీలు, 80 శాతం తేమలో మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే వేడి, 26 డిగ్రీలు. రేకు దానికన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి, అంటే ఒక్క డిగ్రీ వెసులుబాటే. ఎన్‌సి థిన్నర్ చర్రున ఆరేటప్పుడు రేకునే చల్లబరుస్తుంది, చేతిమీద స్పిరిట్ పూసినట్టు. ఆ చల్లదనానికి నీరు పొరలోకి దిగి, నలుపు కూడా బూడిద పూసినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలిపితే ఈ తెలుపు తగ్గుతుంది. వానరోజు కొట్టకపోవడం ఇంకా మేలు. కోస్తాలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం పదిన్నర తర్వాత రేకు వెచ్చబడ్డాక మంచి వేళ. తెలంగాణ మే నెలలో చిక్కు తిరగబడుతుంది: బిందువులు దారిలోనే ఆరిపోయి రేకుమీద ఇసుకలా రాలుతాయి.

షెడ్డులో దుమ్ము అణగాలని కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లడం మంచిదే, కానీ ఆ నీరే తేమను పెంచుతుంది. గంట ముందు కడిగి, గుంటల్లో నిలిచింది తుడిచెయ్యండి. చుట్టూ పాలిథిన్ కట్టి, గాలి వచ్చేవైపు ఫిల్టరు గుడ్డ పెట్టండి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది. ఇన్వర్టరు, ఫ్రిజ్, మామూలు టేబుల్ ఫ్యాను, గ్యాస్ గీజరు దగ్గరలో ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

టూ-కె రంగు, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రెండు భాగాల రంగు, ఎన్‌సి కన్నా గట్టిది, మెరుపు నిలుస్తుంది. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్‌దీ ఇదే రసాయన కుటుంబం. రంగులోది అంత తేలిగ్గా ఆవిరి కాదు, కానీ గన్నులోంచి సన్నటి తుంపరై ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత చిటికెడు పీల్చినా ఉబ్బసం రావచ్చు. వాసన ముందుగా హెచ్చరించదు. బయటి శుభ్రమైన గాలిని గొట్టంతో అందించే మాస్కు లేకపోతే ఇంట్లో టూ-కె కొట్టొద్దని నా గట్టి మాట. రుద్దడం, పుట్టీ, అమరిక అన్నీ ఇంట్లో చేసుకుని, చివరి కోటు బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్న షెడ్డులో కొట్టించుకోవచ్చు. ఈ హార్డెనర్‌కు నీరంటే పడదు. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పొరలో బుడగలు కడుతుంది. మూత తెరిచిన డబ్బా వారాల్లో జిగురు కట్టేదీ అందుకే.

బయటి పైభాగం సుమారు 15 చదరపు మీటర్లు అనుకుందాం. 50 మైక్రాన్ల ఎండిన పొరకు ముప్పావు లీటరు గట్టి పదార్థం కావాలి. కలిపిన టూ-కె రంగులో అది 30 శాతం ఉండి, గన్ను కక్కినదాంట్లో 65 శాతం రేకుకు అంటితే దాదాపు 4 లీటర్లు పడుతుంది. డోరు సందులకు మరికొంత చేర్చి, అంతా ఒకే బ్యాచ్‌లో కొనండి.

కొట్టే ముందు రేకు మీద చెంబెడు నీళ్లు పోయండి. పలచని పొరగా పరుచుకుంటే శుభ్రం, తామరాకు మీద నీళ్లలా జారితే జిడ్డుంది. డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లోని సిలికోన్ పిసరంత మిగిలినా రంగు దాన్నుంచి తప్పుకుని, చేపకంటి ఆకారంలో గుంటలు పడతాయి. జిడ్డు తీసే ద్రావణాన్ని ఒక గుడ్డతో పూసి, ఆరకముందే ఇంకో గుడ్డతో తుడవాలి. ఆరనిస్తే జిడ్డు అక్కడే ఉండిపోతుంది.

గన్ను నాజిల్ 1.4 మిల్లీమీటర్లు, దూరం జానెడుకు కాస్త లోపు. ప్రతి గీత ముందు గీతలో సగాన్ని కప్పాలి. మణికట్టు తిప్పకుండా మొత్తం చెయ్యి రేకు వెంట నడవాలి. దగ్గరైతే రంగు కారుతుంది, దూరమైతే కమలాపండు తొక్కలా గరుకు తేలుతుంది. కోటుకూ కోటుకూ మధ్య 10, 15 నిమిషాలు ఆగకపోతే అడుగున చిక్కుకున్న థిన్నర్ తర్వాత సూదిమొనంత రంధ్రాలుగా పేలుతుంది.

పొర గట్టిపడ్డాక 1500, 2000 పేపర్లు, ఆపైన మెరుపు తెచ్చే కంపౌండుతో రుద్దాలి. ఎన్‌సి అయితే రెండు మూడు వారాలు ఆగితే మేలు, పొర ఇంకా కుంచించుకుంటూ ఉంటుంది. మూడు నెలలు మైనం పూయొద్దు. ప్లాస్టిక్ కవరైతే అసలే కప్పొద్దు. దానికింద రాత్రి పట్టిన తేమ పొద్దెక్కితే వేడెక్కి, ఇంకా మెత్తగా ఉన్న రంగులోకి దిగుతుంది. దుమ్ము పడుతుందనుకుంటే పాత నూలు దుప్పటి కప్పి, పొద్దున్నే తీసెయ్యండి.