డబ్బా మీది పెద్ద అంకె

చెన్నై

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

మీరు కొన్న పాత జీపుకు గేరుబాక్సులోనూ వెనక ఇరుసులోనూ ఒకే ఆయిల్ పోయబోతున్నారని తెలిసింది. గేరు ఆయిల్ డబ్బాల మీద ఉండే జీఎల్ రకాల్లో జీఎల్-4 కంటే జీఎల్-5 మేలని, బండ్ల విడిభాగాలమ్మే జీపీ రోడ్డులో ఎవరో చెప్పారట. కాస్త ఆగండి. ఆ అంకె నాణ్యతను చెప్పదు, పనిని చెబుతుంది.

వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. ఇవి హైపాయిడ్ రకం. పినియన్ క్రౌన్ నడిమికి సూటిగా కాక కాస్త కిందుగా కూర్చుంటుంది. అందుకే వాటి పళ్లు దొర్లడంతో సరిపెట్టుకోవు, బండిని నడిపే బలమంతా మోస్తూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తెగుతుంది. అప్పుడు ఆదుకునేవి గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు. ఆ వేడికి అవి ఉక్కుతో కలిసి పలుచని పొర కట్టి, పళ్లు అతుక్కుని చీరుకుపోకుండా కాపాడతాయి. జీఎల్-5లో ఇవి జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు. డబ్బా మూత తీయగానే ముక్కు మూసుకునేది ఆ గంధకం వల్లే. ఆ కంపు కొట్టే చొక్కాను మీ నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు.

గేరుబాక్సు సంగతి వేరు. గేరు పడే ముందు వేగాలను కలిపే సింక్రో రింగులు చాలా పాత బండ్లలో ఇత్తడివే. అవి ఒరుసుకుని పట్టుకుంటేనే పని జరుగుతుంది. ఆయిల్ వాటికి సరిపడకపోతే పట్టు తప్పి గేరు గరగరమంటుంది. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని చురుకైన గంధకం ఇత్తడిని మెల్లగా తినేస్తుంది కూడా. అలాగని ఇరుసులో జీఎల్-4 పోయకండి, అక్కడ అది చాలదు. కొందరు తయారీదారులు గేరుబాక్సుకు కూడా జీఎల్-5నే చెబుతారు, కాబట్టి మాన్యువల్ మాటే చివరిమాట. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో చాలావాటికి ఈ తంటా లేదు, గేరుబాక్సూ, చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఒకే ఆయిల్‌తో నడుస్తాయి.

చిక్కదనం వేరే లెక్క. డబ్బా మీద దాన్ని చెప్పే 80డబ్ల్యూ-90లో మొదటి అంకె చలికి సంబంధించినది. సున్నాకు 26 డిగ్రీల దిగువన జరిగే పరీక్ష అది, మన మార్గళి చలికి దానితో పనే లేదు. రెండోది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 90 అనగానే ఇంజిన్ ఆయిల్‌కు రెట్టింపు చిక్కన అనుకోకండి, కొలబద్దలు వేరు. అది ఇంజిన్ ఆయిల్‌లో 40, 50ల దరిదాపుల్లోనే ఉంటుంది.

ఈ ఊళ్లో ఆయిల్‌కు అసలు శత్రువు వాననీరు. 2015 డిసెంబరులోనూ, 2023లో మిచాంగ్ తుపానప్పుడూ ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. వేడెక్కిన ఇరుసు నీళ్లలోకి దిగగానే చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుంటుంది, గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదర్ గొట్టం గుండా నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనబడిందా, కిలోమీటర్ల లెక్క చూడకుండా తీసేయండి. ఆయిల్ దించే అడుగు బిరడా, అంటే డ్రైన్ ప్లగ్, అయస్కాంతానికి నల్లటి మెత్తని పేస్టు అంటితే భయం లేదు. లోహపు పలుకులు, గేరు పంటి ముక్కలు దొరికితే మాత్రం ఇరుసు పెట్టె (హౌసింగ్) విప్పించాల్సిందే.

ఆయిల్ దించే ముందు పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయిందని ఖాళీ చేశాక తెలిస్తే బండి కదలదు. సమతలంలో నిలిపి, ఆ రంధ్రం అంచుదాకా వచ్చేలా పోస్తే చాలు. తీసిన ఆయిల్‌ను కాలువలో పారబోయకుండా వర్క్‌షాపు పీపాలో వేయించండి.

మాన్యువల్ దొరకకపోతే గేరుబాక్సు మీది నంబరు ఫోటో తీసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య