ముందు గిన్నెలు, తర్వాత మంచం

2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నర కావస్తుండగా బెజవాడ పటమటలో మూడో అంతస్తులోని మా వంటగదిలో గిన్నెల స్టాండు సన్నగా గలగలమంది. పిల్లి దూరిందనుకున్నా. లేద్దామా వద్దా అనుకుంటూ పడుకుని ఉండగానే, అర నిమిషం కూడా అయి ఉండదు, ఈసారి మంచమే పక్కకి ఊగింది. కాసేపటికి టీవీలో చెప్పారు, ములుగు జిల్లాలో భూకంపం, రిక్టర్ స్కేలుపై 5.3 అని.

గిన్నెల చప్పుడుకీ మంచం ఊగడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే అసలు సంగతి ఉంది. ఏళ్ల తరబడి ఒత్తిడి పేరుకున్న రాయి లోపల పగులు వెంట ఒక్కసారిగా జారితే, అక్కణ్ణుంచి రెండు రకాల తరంగాలు ఒకేసారి బయల్దేరతాయి. పి తరంగం రాయిని నొక్కుతూ వదులుతూ, ఆగి ఉన్న రైలుకి ఇంజను తగిలించినప్పుడు కుదుపు పెట్టె నుంచి పెట్టెకి పాకినట్టు, సెకనుకి సుమారు 6 కిలోమీటర్లు వస్తుంది. ఎస్ తరంగం బట్టలారేసే తాడు కొస పట్టుకుని విదిలించినట్టు అడ్డంగా ఊపుతూ 3.5 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. నిదానమే గానీ బలం దానిదే. రెండింటికీ మధ్య తేడా సెకన్లని 8తో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ములుగు వైపు నుంచి మనకి 200 పైచిలుకు, అంటే తేడా పాతిక సెకన్ల పైమాటే.

మొగల్రాజపురం కొండ పక్కనుండే మా పెద్దమ్మకి ఫోన్ చేస్తే "నాకేం తెలీలేదురా" అంది. ఆవిడది కింది ఇల్లు, అదొక కారణం. కానీ నేల కూడా వేరు. ఆవిడ కింద రాయి, మా కింద కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు. మెత్తటి మట్టిలోకి రాగానే తరంగం వేగం తగ్గి, ఊపు పెరుగుతుంది. పళ్లెం కొంచెం కదిపినా అందులో జున్ను ఎంత ఊగుతుందో చూడండి, అలాగన్నమాట. స్కేలు మీద అంకె భూకంపానికి ఒకటే, ఊపు మాత్రం నేలని బట్టి, ఇంటిని బట్టి మారిపోతుంది.

2001లో భుజ్ భూకంపం 7.7. అంకె ఒకటి పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు కాబట్టి, మనం చూసినదానికి అది వేల రెట్లు. 200 కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి, వాటిలో చాలావాటికి కింద పార్కింగ్, గోడల్లేకుండా ఒట్టి స్తంభాలే. మన బెజవాడలో ఏ వీధి చూసినా అవే కదా. పైన గోడలతో బిగుసుకున్న అంతస్తులన్నీ ఒక్క ముక్కలా ఊగుతాయి, వంగాల్సిన భారమంతా కింది స్తంభాల మీదే పడుతుంది. అప్పుడు స్తంభాన్ని పట్టి ఉంచేది లోపల నిలువు కడ్డీల చుట్టూ కట్టే ఇనప రింగులు. బీము కలిసే చోట అవి దగ్గర దగ్గరగా ఉండాలి, కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచి కాంక్రీటులో దిగాలి. 90కే వంచితే పైపెచ్చు ఊడగానే విచ్చుకుంటాయి.

మా వీధి చివర కొత్తది కడుతున్నారు. మొన్న ఆగి చూస్తే రింగుల కొసలన్నీ 90కే వంచి ఉన్నాయి. మేస్త్రిని అడిగితే "ఎప్పుడూ ఇట్టాగే కడతామండీ" అన్నాడు. ఇంజనీరు గారు శనివారం వస్తారట, నేనూ వెళ్తున్నా.