రీసెట్ చేశాక ఫోనులో ఏం మిగులుతుంది?

256 గిగాబైట్ల స్టోరేజ్ ఉన్న ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే, చెరిపే పని సాధారణంగా కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. మనం ఎదురుచూసే మిగతా సమయమంతా ఫోను తిరిగి మొదలై తనను తాను సర్దుకోవడానికి పడుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. సెకనుకు 500 మెగాబైట్ల వేగంతో ఎక్కడా ఆగకుండా సున్నాలు రాసుకుంటూ పోయినా, ఆ స్టోరేజ్ నిండడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. కొన్ని సెకన్లలో ముగిసిన పనిలో మన ఫోటోలన్నిటి మీదా సున్నాలు రాసి ఉంటారా? రాయలేదు. అయినా ఇప్పటి ఫోన్లలో చాలావాటి నుంచి ఆ ఫోటోలను ఎవరూ తిరిగి తీయలేరు. పుష్కరం కిందటి ఫోన్ల నుంచి మాత్రం శుభ్రంగా తీశారు.

రీసెట్ మీట నొక్కినప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులో జరిగేది ఇది. నడుస్తున్న సిస్టమ్ తనను తాను చెరుపుకోలేదు. అందుకని స్టోరేజ్‌లో ఒక చిన్న భాగంలో ‘వినియోగదారు డేటాను తుడిచెయ్యి’ అన్న ఆదేశాన్ని రాసిపెట్టి ఫోనును పునఃప్రారంభిస్తుంది. అప్పుడు రికవరీ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి, ఆ ఆదేశం చదివి, పని పూర్తి చేస్తుంది. ఫోను స్టోరేజ్ అంతా ఒకే ముక్క కాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక పార్టిషన్, నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెమ్‌కు ఒకటి, రికవరీకి ఒకటి, ఇలా విడివిడిగా ఉంటాయి. రికవరీ ప్రోగ్రామ్ ఫార్మాట్ చేసేది ప్రధానంగా వినియోగదారు డేటా ఉన్న పార్టిషన్‌ను. మిగతావాటి జోలికి దాదాపుగా పోదు.

ఫార్మాట్ చేయడమంటే పాత ఫైళ్ల విషయసూచికను పారేసి, ఖాళీ సూచిక ఒకటి పెట్టడం. ఏ ఫైలు ఎక్కడుందో సిస్టమ్‌కు ఇక తెలియదు. కానీ ఫైళ్లలోని సమాచారం చిప్‌లో ఉన్నచోటే ఉండవచ్చు. ‘అయితే దాని మీద ఇంకేదైనా రాసేస్తే సరి’ అనిపిస్తుంది. హార్డ్ డిస్కుల కాలంలో అది మంచి సలహాయే. పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పరిశోధనపత్రంలో అయస్కాంత డిస్కుల మీద 35 సార్లు రకరకాల నమూనాలు రాసే పద్ధతిని వివరించాడు. ఆ 35 అంకె ఇప్పటికీ కొన్ని చెరిపే ప్రోగ్రాముల ప్రకటనల్లో తిరుగుతూనే ఉంది. ఫోనులో ఉన్నది అయస్కాంత డిస్కు కాదన్న సంగతి ఆ ప్రకటనలకు పట్టదు.

ఫోనులో ఉండేది ఫ్లాష్ మెమరీ. అతి చిన్న గదుల్లో విద్యుదావేశాన్ని బంధించి అది సమాచారాన్ని దాస్తుంది. రాయడం కొన్ని కిలోబైట్ల పేజీల లెక్కన జరుగుతుంది. చెరపడం మాత్రం వందల పేజీలు కలిసిన బ్లాకుల లెక్కన జరుగుతుంది. పలక మీద ఒక్క అక్షరం దిద్దాలన్నా మొత్తం పలక తుడవాల్సి వస్తే ఎలా ఉంటుందో, అలా. పైగా ఒక్కో బ్లాకు కొన్ని వేల సార్లు చెరిపితే అరిగిపోతుంది. అందుకే ఫ్లాష్ చిప్‌లో ఒక కంట్రోలర్ కూర్చుని అరుగుదలను అన్ని బ్లాకులకూ సమంగా పంచుతుంది. ‘ఈ చిరునామాలో ఉన్నదాన్ని మార్చి రాయి’ అని ఫోను అడిగితే, కంట్రోలర్ కొత్త మాటను వేరే ఖాళీ పేజీలో రాసి, పాత పేజీని పనికిరానిదిగా గుర్తు పెట్టుకుంటుంది. పాత సమాచారం అక్కడే ఉంటుంది, కంట్రోలర్‌కు తీరిక దొరికి ఆ బ్లాకును చెరిపేదాకా.

కాబట్టి పైనుంచి ఎన్ని సార్లు రాసినా, అసలు దాని మీదే రాస్తున్నామన్న హామీ లేదు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ వెయ్, ఆయన సహచరులు 2011లో దీన్ని ఫ్లాష్ డ్రైవులను విప్పి, చిప్‌లను నేరుగా చదివి నిరూపించారు. హార్డ్ డిస్కుల కోసం పుట్టిన పద్ధతుల్లో ఒక్కటి కూడా ఒక ఫైలును నమ్మకంగా చెరపలేకపోయింది. డ్రైవులోనే ఉండే చెరిపే ఆదేశాలు బాగా పనిచేశాయి, కానీ కొందరు తయారీదారులు వాటిని తప్పుగా అమర్చారు.

ఆ రెండో మాటే కొన్నేళ్లకు ఫోన్ల విషయంలో పెద్ద తలనొప్పి అయింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ ఐదు కంపెనీల తయారీ అయిన 21 పాత ఆండ్రాయిడ్ ఫోన్లను తీసుకుని, రీసెట్ చేసి, లోపల ఏం మిగిలిందో చూశారు. అవి 2.3 నుంచి 4.3 దాకా ఉన్న వెర్షన్లు. 2015లో వెలువడిన ఫలితాల్లో సందేశాలు, ఫోటోలు, సంభాషణల ముక్కలు బయటపడ్డాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గూగుల్ ఖాతాలోకి పాస్‌వర్డ్ లేకుండా వెళ్లనిచ్చే టోకెన్. రీసెట్ సరిగా జరగని ఫోన్లలో 80 శాతం సందర్భాల్లో ప్రధాన టోకెన్ వాళ్ల చేతికి చిక్కింది. వాడుకలో ఉన్న ఫోన్లలో 50 కోట్ల దాకా ఇలా డేటాను సరిగా చెరపలేనివే కావచ్చని వాళ్ల అంచనా. కారణాల్లో పెద్ద కుట్ర ఏమీ లేదు. చిప్‌కు సురక్షితంగా చెరిపే ఆదేశం తెలిసినా దాన్ని పంపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేకపోవడం, ఉన్నా కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు ఎక్కడో తప్పిపోవడం. అంతకు ముందు ఏడాదే అవాస్ట్ అనే భద్రతా సంస్థ ఈబేలో 20 వాడిన ఫోన్లు కొని, యజమానులు చెరిపేశామనుకున్న 40,000కు పైగా ఫోటోలను వెలికితీసింది.

ఈ గొడవకు పరిష్కారం చెరిపే పద్ధతిని బాగు చేయడంలో దొరకలేదు. మొదటి రోజు నుంచే అన్నిటినీ సంకేతలిపిలో రాస్తే, చివరి రోజున తాళంచెవి ఒక్కదాన్ని నాశనం చేస్తే చాలు. ఆ తాళంచెవి 256 బిట్ల సంఖ్య అనుకుంటే, దాని పరిమాణం 32 బైట్లు. ఈ వాక్యంలోని అక్షరాల కంటే తక్కువ చోటు. అది పోయాక చిప్‌లో మిగిలిన గిగాబైట్లన్నీ అర్థం లేని బిట్ల రాశి. ఊహించి కనిపెడదామంటే, ప్రయత్నించాల్సిన తాళంచెవుల సంఖ్యలో 78 అంకెలు ఉంటాయి. కొన్ని సెకన్లలో రీసెట్ ముగియడంలోని కిటుకు ఇదే.

ఐఫోన్‌లో 2009 నాటి 3జీఎస్ నుంచే స్టోరేజ్‌ను సంకేతలిపిలో రాసే యంత్రాంగం ఉంది. అక్కడ యాపిల్ ఇంజనీర్లు చేసిన ఒక ఏర్పాటు నాకు ముచ్చటగా అనిపిస్తుంది. తాళంచెవిని కూడా ఫ్లాష్‌లోనే దాస్తే, అరుగుదలను పంచే కంట్రోలర్ దాని పాత ప్రతిని కూడా ఎక్కడో వదిలేయవచ్చు కదా. అందుకని ఫ్లాష్‌లో కొద్ది చోటును ఆ పంపకం నుంచి మినహాయించి, నేరుగా చెరపగలిగేలా పక్కన పెట్టారు. తాళంచెవులు ఉండేది అక్కడ. ఆండ్రాయిడ్ వైపు ఇది ఆలస్యంగా వచ్చింది. 2015లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి తగినంత వేగం ఉన్న కొత్త ఫోన్లకు ఎన్‌క్రిప్షన్, అంటే ఇలా సంకేతలిపిలో రాయడం, తప్పనిసరి అయింది. చవక ఫోన్ల ప్రాసెసర్లు ఆ భారం మోయలేవన్న మినహాయింపు కొన్నాళ్లు నడిచింది. వాటి కోసం గూగుల్ 2019లో ఆడియంటమ్ అనే తేలికపాటి పద్ధతిని తెచ్చాక, ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే ఫోన్లన్నిటికీ నియమం వర్తించింది.

అయితే తాళంచెవి నిజంగానే పోవాలి. పాత ఆండ్రాయిడ్లలో అది డేటా పార్టిషన్ చివర ఒక చిన్న పొట్లంలా, వినియోగదారు పిన్ ఆధారంగా మూసి ఉండేది. రీసెట్ ఆ పొట్లాన్ని సరిగా చెరపకపోతే, దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని తీరికగా విప్పవచ్చు. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలే ఉన్నాయి. కంప్యూటర్‌కు అది పనే కాదు. ఎన్‌క్రిప్షన్ ఉందన్న ధీమా ఉన్న ఫోన్లే ఇక్కడ దెబ్బతిన్నాయి. ఇప్పటి ఫోన్లలో పిన్‌తో పాటు ప్రధాన చిప్‌లో తయారీ సమయంలోనే నాటిన ఒక రహస్యం కూడా కలిస్తేనే తాళంచెవి తెరుచుకుంటుంది. ఆ రహస్యం చిప్ బయటికి రాదు కాబట్టి, ప్రయత్నాలన్నీ ఆ ఫోను మీదే చేయాలి. తప్పు పిన్ కొట్టిన కొద్దీ అది మరింత సేపు ఆగమంటుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకాల్లో ఈ పద్ధతికి ఆమోదం ఉంది, ఒక షరతుతో. డేటా మొదటి నుంచీ సంకేతలిపిలోనే రాసి ఉండాలి. కొన్నాళ్లు మామూలుగా వాడి, తరువాత ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్న పాత ఫోనులో తొలినాటి పేజీలు సాదాగానే ఎక్కడో మిగిలి ఉండవచ్చు. ఇక కొత్త ఫోనును రీసెట్ చేశాక కూడా గంటల తరబడి వీడియోలతో నింపి మళ్లీ చెరపమని సలహాలిచ్చేవారున్నారు. దానితో చిప్ కాస్త అరుగుతుంది, మీ సమయం పోతుంది. ఎన్‌క్రిప్షన్ లేని పాత ఫోనులో మాత్రం అది పాక్షికంగా ఉపయోగపడుతుంది.

ఇంతవరకూ చెప్పింది డేటా పార్టిషన్ సంగతి. దాని బయట ఉన్నవన్నీ రీసెట్‌ను చూసి నవ్వుకుంటాయి.

మెమరీ కార్డునే తీసుకోండి. మామూలుగా వాడే కార్డును రీసెట్ ముట్టుకోదు. అందులోని ఫోటోలను ఏ కంప్యూటర్‌లోనైనా చూడవచ్చు. ఫోను అంతర్గత స్టోరేజ్‌లో భాగంగా కలుపుకున్న కార్డు అయితే కథ తిరగబడుతుంది. అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాని తాళంచెవి ఫోనులో ఉంటుంది. రీసెట్‌తో తాళంచెవి పోయాక, కార్డు మీ చేతిలోనే ఉన్నా అందులోని ఫోటోలు మీకు కూడా దక్కవు. సిమ్ కార్డులో దాచుకున్న నంబర్లు, పాత సందేశాలు అలాగే ఉంటాయి. ఈ-సిమ్‌ను తీసేయాలా, ఉంచాలా అని చాలా ఫోన్లు విడిగా అడుగుతాయి. ఆ ప్రశ్నను చదవకుండా దాటేయకండి.

ఫోనును నెట్‌వర్క్ గుర్తుపట్టే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య మారదు. దొంగిలించిన ఫోనుగా ఆ సంఖ్యను ఆపేసిన నెట్‌వర్క్‌లో ఎన్ని సార్లు రీసెట్ చేసినా లాభం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కొన్న రోజు నాటి వెర్షన్‌కు వెనక్కి వెళ్లదు. చివరి అప్‌డేట్ ఏదైతే అదే ఉంటుంది. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే చిప్‌లో ఒక ఫ్యూజు శాశ్వతంగా కాలిపోతుంది. దాన్ని తిరిగి అతికించే మీట ఏ మెనూలోనూ లేదు.

వైరస్ పోవాలంటే రీసెట్ చేయమని చెప్పడం పరిపాటి. సాధారణంగా అది సరైన సలహాయే, ఎందుకంటే మనం ఎక్కించుకున్న యాప్‌లన్నీ డేటా పార్టిషన్‌లోనే ఉంటాయి. 2019లో బయటపడిన ఎక్స్‌హెల్పర్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) మాత్రం రీసెట్ తరువాత కూడా తిరిగొచ్చి అందరినీ విస్తుపోయేలా చేసింది. మరుసటి ఏడాది కాస్పర్‌స్కీ అనే భద్రతా సంస్థ పరిశోధకులు దాని గుట్టు విప్పారు. అది ఎక్కువగా ఆండ్రాయిడ్ 6, 7 ఫోన్లలో లోపాలను వాడుకుని పూర్తి అధికారాలు సంపాదించి, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని సిస్టమ్ పార్టిషన్‌ను రాయగలిగేలా మార్చుకుని, అందులో చేరేది. రీసెట్ చీపురు అక్కడికి చేరదు. ట్రయాడా అనే మరో మాల్‌వేర్‌కు ఆ శ్రమ కూడా లేకపోయింది. కొన్ని ఫోన్లలో అది తయారీ దశలోనే సిస్టమ్‌లో కలిసిపోయిందని 2019లో గూగుల్ వివరించింది. అలాంటి ఫోనును ఫ్యాక్టరీ స్థితికి తేవడమంటే మాల్‌వేర్ ఉన్న స్థితికి తేవడమే.

కావాలనే మిగిల్చినది కూడా ఒకటుంది. ఐఫోన్‌లో 2013 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2015 నాటి 5.1 వెర్షన్ నుంచి, రీసెట్ అయిన ఫోను పాత యజమాని ఖాతా వివరాలు అడుగుతుంది. దొంగకు ఫోను పనికిరాకుండా చేయడం దీని ఉద్దేశం. ఖాతా తీయకుండా రికవరీ నుంచి రీసెట్ చేసి అమ్మేస్తే, ఇబ్బంది పడేది నిజాయితీగా కొన్న మనిషి. ఉద్యోగ సంస్థలు ఇచ్చిన ఫోన్లదీ ఇదే దారి. సంస్థ పేరు సర్వర్‌లో నమోదై ఉంటే, రీసెట్ అయి ఇంటర్నెట్ తగలగానే ఫోను మళ్లీ ఆ సంస్థ నియంత్రణలోకే వెళ్తుంది.

క్లౌడ్‌లో ఉన్నవాటికి రీసెట్‌తో సంబంధమే లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అమ్మే ముందు జాగ్రత్తగా, గ్యాలరీలోని ఫోటోలను ఒక్కొక్కటే చేత్తో తొలగిస్తారు. సింక్ నడుస్తూ ఉంటే ఆ తొలగింపు క్లౌడ్‌కూ, అక్కడి నుంచి కొత్త ఫోనుకూ పాకుతుంది. రీసెట్ అలా చేయదు. కాబట్టి ముందు బ్యాకప్ సరిచూసుకోవాలి, రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్‌ను కొత్త ఫోనులోకి మార్చుకోవాలి, ఖాతాల నుంచి బయటికి రావాలి. రీసెట్ ఆ తరువాతే. ఫోను పోయినప్పుడు మాత్రం ఈ వరస పనికిరాదు. దూరం నుంచి పంపే చెరిపే ఆదేశం ఫోను ఇంటర్నెట్‌కు తగిలినప్పుడే అమలవుతుంది. అది అమలైంది కదా అని ఆ ఐఫోన్‌ను ఖాతా నుంచి తీసేస్తే, దొంగకు అడ్డుగా ఉన్న తాళాన్ని మీరే తీసినట్లు.

అసలు వెలగని ఫోనును రీసెట్ చేయలేం. ఎన్‌క్రిప్షన్ ఉన్న ఫోను అయి, పిన్ గట్టిదైతే పెద్దగా దిగులు లేదు. ఫ్లాష్ చిప్‌ను ఊడబీకి చదివినా వచ్చేది సంకేతలిపే. పాతకాలపు ఫోను అయితే ఆ చిప్‌ను భౌతికంగా నాశనం చేయడమే దారి. తెర పగలగొడితే చాలదు. సాధారణంగా పొడవు 13, వెడల్పు 11.5 మిల్లీమీటర్లు ఉండే ఆ చిప్ లోపలి బోర్డు మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. సుత్తి పట్టుకునే ముందు బ్యాటరీని తీసి పక్కన పెట్టాలి, ఎందుకంటే చిల్లుపడిన లిథియం బ్యాటరీ మంటలు కక్కుతుంది.