ఎంఎస్‌లో రెండో వరుస మందులు: అపోహలు - వాస్తవాలు

మొదటి మందు సక్రమంగా వాడుతున్నా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ - రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు) తిరగబెట్టినా (దీన్నే రిలాప్స్ అంటారు), ఎంఆర్ఐలో కొత్త మచ్చలు కనిపించినా మందు మార్చే ఆలోచన వస్తుంది. అలా మార్చి ఇచ్చేవే రెండో వరుస మందులు. అప్పుడు ఎక్కువగా వినిపించే అపోహలివి.

అపోహ: రిలాప్స్‌లను 68 శాతం తగ్గించిన మందు, 46 శాతం తగ్గించిన మందు కన్నా మేలు.

వాస్తవం: ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడకూడదు. అఫర్మ్ ట్రయల్‌లో నటాలిజుమాబ్‌ను ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి డోసుతో) పోల్చారు, అందుకే 68 వచ్చింది. ఒపెరా ట్రయల్స్‌లో ఒక్రెలిజుమాబ్‌ను ఇంటర్‌ఫెరాన్‌తో పోల్చితే 46, 47 వచ్చాయి. ఇంటర్‌ఫెరాన్‌ కూడా పనిచేసే మందే. పైగా ఈ ట్రయల్స్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మొదటి మందు విఫలమై వచ్చినవాళ్లు కారు. అలాంటివాళ్లనే తీసుకుని చేసిన కేర్-ఎంఎస్ 2లో అలెమ్టుజుమాబ్, ఇంటర్‌ఫెరాన్ కన్నా రిలాప్స్‌లను దాదాపు సగానికి తగ్గించింది.

అపోహ: పాత మందు ఒంట్లోంచి పూర్తిగా పోయాకే కొత్తది మొదలుపెట్టాలి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. నటాలిజుమాబ్ ఆపి ఊరుకుంటే మూడు నాలుగు నెలల్లో జబ్బు మళ్లీ చెలరేగుతుంది, ఒక్కోసారి మునుపటికన్నా తీవ్రంగా. అందుకే చివరి డోసు తర్వాత 4-6 వారాల్లోపు కొత్త మందు మొదలయ్యేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఈలోపు ఎంఆర్ఐ తీసి, పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్ ఛాయలు లేవని చూసుకోవాలి. ఫింగోలిమోడ్ మాత్రలు మానేసినా ఇలాగే జబ్బు చెలరేగే ముప్పుంది. కాకపోతే అక్కడ లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కోలుకోవడానికి కాస్త వ్యవధి కావాలి, దాన్ని నెలలకు సాగనివ్వకూడదు. కొత్త మందుకు అనుమతులు రాలేదనో, టీకాలు మిగిలాయనో తేదీలు జరుగుతుంటాయి. కొత్త మందు తేదీ ఖరారు కానిదే పాతది ఆపొద్దు. పీఎంఎల్ అనుమానం వంటి అత్యవసరమైతే మాత్రం వెంటనే ఆపాల్సిందే.

అపోహ: జేసీ వైరస్ యాంటీబాడీ పరీక్ష ఒకసారి నెగెటివ్ వస్తే చాలు.

వాస్తవం: పీఎంఎల్ తెచ్చేది ఈ వైరసే. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా తర్వాత పాజిటివ్ కావచ్చు కాబట్టి ఆరు నెలలకోసారి చేయించాలి. ఇండెక్స్ (యాంటీబాడీలు ఏ మేరకు ఉన్నాయో చెప్పే అంకె) 1.5 దాటి, నటాలిజుమాబ్ వాడకం రెండేళ్లు మించితే పీఎంఎల్ ముప్పు పెరుగుతుంది. గతంలో ఇమ్యూనోసప్రెసెంట్లు (రోగనిరోధక శక్తిని అణచే మందులు) వాడినవాళ్లకు ఇంకా ఎక్కువ. 300 మిల్లీగ్రాముల డోసును నాలుగు వారాలకు బదులు ఆరు వారాలకోసారి ఇస్తే ఈ ముప్పు తగ్గుతుంది.

అపోహ: సెలైన్‌లో ఎక్కించే మందుల కన్నా మాత్రలు సురక్షితం.

వాస్తవం: ఫింగోలిమోడ్ మొదటి మాత్రకు గుండె వేగం పడిపోవచ్చు. ఆరు గంటలు కనిపెట్టుకుని ఉండాలి, ముందూ తర్వాతా ఈసీజీ తీయాలి. నెలకు పైగా వాడుతున్నవాళ్లు రెండు వారాలకు మించి మానేస్తే మళ్లీ మొదటి డోసు జాగ్రత్తలన్నీ తప్పవు. చికెన్‌పాక్స్ యాంటీబాడీలు లేనివాళ్లకు ముందుగా టీకా వేయించాలి. క్లాడ్రిబిన్ మాత్రలు వాడితే చివరి డోసు తర్వాత ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇది మగవాళ్లకూ వర్తిస్తుంది.

అపోహ: అలెమ్టుజుమాబ్ రెండు కోర్సులూ అయిపోతే ఇక చెకప్‌లు అక్కర్లేదు.

వాస్తవం: మొదటి ఏడాది ఐదు రోజులు, ఏడాది తర్వాత మూడు రోజులు ఎక్కిస్తారు. చివరి డోసు నుంచి నాలుగేళ్లపాటు నెలనెలా రక్త కణాలు, కిడ్నీ పనితీరు, మూత్రం పరీక్షలు చేయించాలి. థైరాయిడ్ మూడు నెలలకోసారి. ఒంటి మీద ఎర్రచుక్కలు తేలినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. నెలవారీ పరీక్ష కోసం ఆగకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.