బూడిద రంగు సిరా: అపోహలు – వాస్తవాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక చిన్న దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ఇంకు పెన్నులు బాగుచేస్తూ, సిరాలు అమ్ముతూ ఉన్నాను. నీలం కావాలన్నవారికీ, నలుపు కావాలన్నవారికీ బుడ్డి తీసి ఇవ్వడానికి నిమిషం చాలు. బూడిద రంగు కావాలన్నవారిని మాత్రం కూర్చోబెట్టక తప్పదు. మనం ఆ ఒక్క పేరుతో పిలిచేదానిలో పావురాయి వీపు, వానమబ్బు, పెన్సిలు గీత, ఏనుగు చర్మం, పొయ్యిలో చల్లారిన బూడిద అన్నీ ఉన్నాయి. వాటిలో వచ్చినవారి మనసులో ఉన్నది ఏదో తేలేలోపు తెప్పించిన టీ చల్లారిపోతుంది. ఆ మాటల్లో నాకు పదేపదే ఎదురయ్యే తప్పుడు నమ్మకాలను, వాటి వెనుక ఉన్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నల్ల సిరాలో నీళ్లు కలిపితే బూడిద రంగు సిరా తయారవుతుంది.

వాస్తవం: నీళ్లు కలిపితే నలుపు పలచబడుతుంది, నిజమే, పలచబడినది బూడిద రంగుకే వస్తుందన్న హామీ లేదు. ఫౌంటెన్ పెన్నుల నల్ల సిరాల్లో చాలా వాటిని ఒకటికి మించిన రంజకాలను (రంగునిచ్చే పదార్థాలను) చిక్కగా కలిపి, కంటికి నలుపుగా కనిపించేలా తయారుచేస్తారు. చిక్కగా ఉన్నంతసేపు వాటిలో ఏది ఎక్కువో కన్ను పట్టుకోలేదు, పలచబడగానే పట్టుకుంటుంది. అందువల్లనే నీళ్లు తగిలిన నలుపు ఒకటి వంకాయ రంగు వైపు తిరిగితే, మరొకటి పాచి రంగు వైపు తిరుగుతుంది. నమ్మకం కుదరనివారు బడిలో చేసిన ప్రయోగాన్నే ఇంట్లో మళ్లీ చేసి చూడవచ్చు. తెల్ల సుద్దముక్కకు అడుగు నుంచి కాస్త పైన ఒక చుక్క సిరా పెట్టి, పళ్లెంలో పలుచగా పోసిన నీటిలో ఆ చుక్క మునగకుండా సుద్దను నిలబెడితే, నీరు పైకి పాకుతూ రంజకాలను వేటికవిగా విడదీసి చూపిస్తుంది. దుకాణంలో నేను అద్దుడు కాగితం ముక్కలతో ఇదే పని చేస్తాను; బుడ్డి మీద రాసిన పేరు కంటే ఆ ముక్క మీద విడిపోయిన రంగులు ఎక్కువ నిజం చెబుతాయి.

రెండో ఇబ్బంది కంటికి కనిపించనిది. సిరాలో రంజకంతో పాటు, పాళీ చీలికలో సాఫీగా జారడానికి తోడ్పడే పదార్థమూ, బూజు పట్టకుండా కాపాడే మందూ కొలత ప్రకారం ఉంటాయి. ఒక వంతు సిరాకు మూడు వంతుల నీళ్లు పోస్తే అవి కూడా నాలుగో వంతుకు పడిపోతాయి. దుకాణం పెట్టిన కొత్తలో నేనే ఇలా ఒక బుడ్డి కలిపి పెట్టి, ఆషాఢంలో మూత తీసి చూస్తే పైన తెల్లని తెట్టు కట్టి ఉంది. దానితో నింపిన పెన్నుకు ఫీడు, అంటే పాళీకి సిరా అందించే భాగం, కూడా మార్చవలసి వచ్చింది. మూత వదులై బుడ్డిలో చిక్కబడిపోయిన సిరాకు కొన్ని చుక్కల స్వేదన జలం కలపడం వేరు, నలుపును బూడిద రంగుగా మార్చాలని కుళాయి నీళ్లు పోయడం వేరు.

అపోహ: బూడిద రంగు ఏ వైపూ మొగ్గని రంగు, ఏ కంపెనీదైనా ఒకటే.

వాస్తవం: దుకాణంలో నేను ఎక్కువసేపు మాట్లాడేది ఈ విషయం మీదనే. జపాను కంపెనీ పైలట్ వారి ఇరోషిజుకు సిరాల శ్రేణిలోనే రెండు బూడిద రంగులు ఉన్నాయి. జపాను భాషలో మంచుతుంపర వంటి వాన అని అర్థం వచ్చే ‘కిరి-సమే’ దాదాపు మధ్యస్థంగా, కాస్త మెత్తగా కనిపిస్తుంది. ‘చలికాలపు సేనాని’ అనే అర్థం గల ‘ఫుయు-శోగున్’ నీలిచాయతో చల్లగా కనిపిస్తుంది. డయమైన్ వారి ‘గ్రాఫైట్’లో ఆకుపచ్చ దాగి ఉంటుంది. సైలర్ వారి ‘123’ అయితే మరీ విచిత్రం: అదే గీతలో ఒకచోట లేత వంకాయ రంగు, మరొకచోట ఆకుపచ్చ తేలుతాయి, కాగితం మారితే ఆ పాళ్లు కూడా మారిపోతాయి. ఎర్బాన్ వారి ‘గ్రీ న్యువాజ్’, అంటే మబ్బు బూడిద, తడిగా ఉన్నప్పుడు నీళ్లతో రాసినట్లే ఉంటుంది.

వీటికి తోడు వెలుతురు ఉంది. వెలుతురు రంగును చెప్పే కెల్విన్ కొలతలో, పాతకాలపు బల్బు దీపం సుమారు 2700 వద్ద పసుపుగా వెలుగుతుంది, ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్ల ఎల్ఈడీ గొట్టం సుమారు 6500 కెల్విన్ వద్ద నీలిగా వెలుగుతుంది. ఎర్ర సిరా రెండింటి కిందా ఎర్రగానే ఉంటుంది. ఏ వైపూ గట్టిగా మొగ్గని రంగును మాత్రం వెలుతురు తన వైపు లాగేసుకుంటుంది. ట్యూబులైటు కింద చక్కని పెన్సిలు రంగని ముచ్చటపడి కొన్నవారు, పొద్దున అరుగు మీద కూర్చుని రాసుకుంటూ ఇది వంకాయ రంగేమిటని ఫోను చేసిన సందర్భాలు ఒకటి రెండు కావు. అందుకే ఎండ ఎంత ఉన్నా, నమూనా రాసిన కాగితాన్ని దుకాణం బయటకు తీసుకెళ్లి చూడమంటాను.

కాగితం రంగు చేసే మాయ ఇంకా పాతది. పారిస్‌లో గోబెలాన్ తివాచీల కర్మాగారంలో అద్దకం విభాగాన్ని చూసుకున్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు, అక్కడి నల్ల నూలులో పస లేదన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన పరిశీలించి, దోషం నూలులో లేదనీ, నీలం, ఊదా రంగుల పక్కన అల్లినందువల్ల నలుపు కంటికి వెలిసిపోయినట్లు తోస్తున్నదనీ తేల్చారు. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదానిని ఒకటి ఎలా మారుస్తాయో 1839లో గ్రంథంగా ప్రచురించారు. నలుపుకే ఆ గతి పట్టినప్పుడు బూడిద రంగు సంగతి చెప్పనక్కరలేదు. మీగడ రంగు కాగితం మీద అది నీలిచాయ తిరుగుతుంది, నీలితెలుపు కాగితం మీద అదే సిరా కాస్త గోధుమ వైపు వస్తుంది. మీరు రోజూ రాసే పుస్తకం వెంట తెచ్చుకోకుండా బూడిద రంగు సిరాను కొనడం కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడం వంటిది.

అపోహ: ఫోనులో నమూనా చూసి ఎంచుకోవచ్చు.

వాస్తవం: ఆ నమూనాలను చాలావరకు దూదిపుల్లతో పులుముతారు. పుల్ల పరిచే సిరాలో పాళీ గీసేది చిన్న భాగమే కనుక, అక్కడ బొగ్గులా కనిపించినది మీ నోటుపుస్తకంలో పొగలా కనిపిస్తుంది. దానిపైన కెమెరా తన ఇష్టప్రకారం తెలుపును సరిదిద్దుతుంది, మీ ఫోను తెర మరోసారి దిద్దుతుంది.

అపోహ: బూడిద రంగు రాత కనిపించదు, చదవలేము.

వాస్తవం: ఒకసారి నెల్లిమర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నేనిచ్చిన పెన్నుతో నాలుగు అక్షరాలు రాసి, కళ్లజోడు సర్దుకుని, ‘ఇదేటి బాబూ, సిరా అయిపోనాదా, కలం పాడైపోనాదా?’ అని అడిగారు. తప్పు నాదే. సన్నపాళీ పెట్టిన పొదుపు పెన్నులో లేత బూడిద రంగు నింపి ఇచ్చాను. జపాను సన్నపాళీ గీత సుమారు 0.3, 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంత సన్నని గీతలో, పైగా సిరాను ఆచితూచి వదిలే ఫీడుతో రాస్తే, లేత బూడిద రంగు కాగితంలో కలిసిపోవడం సహజం. అదే సిరాను ఎబొనైటు (గట్టిపరచిన రబ్బరు) బ్యారెల్‌లో నేరుగా పోసే, ధారాళంగా రాసే మధ్యస్థ పాళీ పెన్నులో నింపి ఇస్తే ఆయన పేజీ నిండా రాశారు.

ఈ పోసే పెన్నులు మనకు కొత్తవి కావు. రాజమహేంద్రవరంలో రత్నం పెన్నుల వారు 1932 నుంచి చేస్తున్న ఎబొనైటు పెన్నులు ఇటువంటివే. తడిగా రాసే పాళీ వల్ల బూడిద రంగుకు మరో లాభం ఉంది: గీత మొదట లేతగా పడి, చెయ్యి ఆగినచోట, సున్నా చుట్టి తిరిగినచోట సిరా నిలిచి చిక్కబడుతుంది. మన లిపిలో వంపులూ సుడులూ ఎక్కువ కనుక తలకట్టు దగ్గర ఒక ఛాయ, అక్షరం పొట్టలో మరో ఛాయ కనిపిస్తాయి. నలుపులో ఈ అందం పూడుకుపోతుంది. అయితే వానాకాలంలో చెమ్మ పట్టిన పలుచని కాగితం మీద ఇదే తడి పాళీ సిరాను అల్లుకుపోయేలా చేస్తుంది కాబట్టి, అటువంటి కాగితం వాడేవారు సన్నపాళీకే కట్టుబడి, సిరాను మాత్రం ముదురు రంగులో ఎంచుకోవాలి. తడిగా ఉన్నప్పుడు చూసి తీర్పు చెప్పకూడదు. కొన్ని సిరాలు ఆరేకొద్దీ ముదురుతాయి, కొన్ని వెలుస్తాయి.

అపోహ: బూడిద రంగు సిరా తొందరగా వెలిసిపోతుంది.

వాస్తవం: వెలిసేది రంజకం స్వభావాన్ని బట్టి, రంగు పేరును బట్టి కాదు. నీటిలో కరిగే రంజకాలతో చేసిన బూడిద రంగులో ఏదో ఒక రంజకం ముందుగా ఎండకు ఓడిపోతే, మిగిలిన వాటి ఛాయ పైకి తేలి, కొంతకాలానికి రాత గులాబి చాయకో నీలానికో తిరగవచ్చు. నీళ్లు పడితే రంగు చాలావరకు కొట్టుకుపోతుంది. కాగితపు నారను పట్టుకుని నీటికి చెదరని సిరాలు వేరే ఉన్నాయి. నూడ్లర్స్ వారి ‘లెక్సింగ్టన్ గ్రే’ అటువంటిది. సన్నని మసి రేణువులను నీటిలో తేలేలా చేసిన సిరాలు మరో జాతి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలు కనిపించడానికి మన పూర్వులు పూసింది కూడా మసే, మసి ఎండకు లొంగదు.

కరక్కాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన పాత సిరాలు రాసేటప్పుడు పలచగా, బూడిద రంగులో కనిపించి, గాలి తగిలేకొద్దీ నల్లబడేవి. ఇప్పటికీ ఆ పద్ధతి సిరాలు దొరుకుతాయి. రోరర్ అండ్ క్లింగ్నర్ వారి ‘స్కాబియోసా’ వంకాయ చాయ కలిసిన బూడిద రంగులో ఉంటుంది. అవి ఆమ్లగుణం కలవి కనుక పెన్నులో నెలల తరబడి ఎండబెట్టకూడదు. మీ సిరా సంగతి తెలుసుకోవాలంటే నాలుగు పంక్తులు రాసి, సగానికి అట్ట కప్పి, ఎండ పడే కిటికీ అద్దానికి నెల రోజులు అంటించండి.

అపోహ: బూడిద రంగు ద్రవం ఏదైనా పెన్నులో పోయవచ్చు.

వాస్తవం: నీటికి చెదరని డ్రాయింగు సిరాలో లక్క వంటి జిగురు ఉంటుంది. అది ఫీడులో ఆరితే రాయి. ప్రింటరు సిరాలదీ పెన్నుకు పనికివచ్చే తయారీ కాదు. ఇంతకు మించి చెప్పడానికి లేదు.

అపోహ: అన్ని రాతలకూ పనికివస్తుంది.

వాస్తవం: ఉత్తరాలకు, డైరీకి, అచ్చుప్రతి అంచున దిద్దుబాట్లకు ఇది హాయిగా ఉంటుంది. చెక్కులకు వద్దు. ఇప్పుడు చెక్కులు క్లియరింగుకు స్కాన్ చేసిన బొమ్మలుగా వెళ్తాయి కనుక, బొమ్మలో స్పష్టంగా పడే సిరాతో రాయమని రిజర్వు బ్యాంకు సూచన. లేత బూడిద రంగు అంకె అక్కడ మాయమైతే బాధ మీదే.

అపోహ: అమ్మేవాడికి నచ్చింది మనకూ నచ్చుతుంది.

వాస్తవం: నాకు నచ్చింది ఫుయు-శోగున్, ఎబొనైటు పెన్నులో మధ్యస్థ పాళీతో, మీగడ రంగు కాగితం మీద. లెక్కలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు ఆ మాట విని అచ్చంగా అదే జోడీ పట్టుకెళ్లి, మూడో రోజున తిరిగివచ్చి, ‘ఏమయ్యా, నీలం వద్దని కదా వచ్చాను’ అన్నారు. ఆయన రాసేది నీలిగీతల తెల్ల నోటుపుస్తకంలో, చీమతలకాయంత అక్షరాలతో, కిటికీ పక్కన. పోసే పెన్నులో రెండు మూడు మిల్లీలీటర్ల సిరా పడుతుంది, నచ్చకపోతే వారాల తరబడి భరించాలి. అందువల్ల ఆయనకు, కొద్దిగా సిరా పీల్చుకునే చిన్న గొట్టం ఉన్న కన్వర్టరు పెన్ను ఒకటి అరువిచ్చి, నాలుగు సిరాలను అర మిల్లీలీటరు చొప్పున చిన్న సీసాల్లో పోసి, ప్రతి సిరా మార్చేముందు నీళ్లు తేరేవరకు కడగమనీ, ఒక్కొక్కదానితో తన పుస్తకంలోనే రెండేసి పేజీలు రాసి, మర్నాడు పగలూ రాత్రీ చదివి చూడమనీ చెప్పి పంపాను. వారం తిరిగాక మాస్టారు నాలుగు సీసాల్లో మూడు వాపసు ఇచ్చారు. ఉంచుకున్నది గ్రాఫైట్, పాచిచాయ కారణంగా నేను ఎన్నడూ నా పెన్నులో పోయని సిరా అది.